బొటనవేలి నొప్పి: ఆట మానాలా, ఫ్లోరైడ్ పరీక్షలు చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు వీడియో గేమ్ షాపులో గంటకింత అని కట్టి క్రాష్ బాండికూట్ ఆడేవాళ్లం. మెమరీ కార్డు ఇచ్చేవారు కాదు. గంట అయిపోతే మర్నాడు మళ్లీ మొదటి దీవి నుంచే. ఆ ఆటలు కొత్త రూపంలో వచ్చాయని ప్లేస్టేషన్ కొన్నాను. పాత మూడూ పూర్తిచేశాను. నాలుగోదాంట్లో ఒక్క సవాలు కూడా మిగలకూడదని రాత్రి ఒంటిగంట దాకా ఆడుతున్నాను. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే నొప్పి. పాపను ఎత్తుకుంటే ప్రాణం పోతోంది. నొప్పి పుడుతున్నా ఆట ఆపలేకపోతున్నాను. ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా? మా ఆవిడ గేమ్ అడిక్షన్ అంటోంది. ఆట మానేయాలా?
- ఒక పాఠకుడు

సమాధానం: మానక్కర్లేదు. కానీ ఆటలో మీ వేలిని దెబ్బతీస్తున్న భాగం ఒకటుంది, దాన్ని కొన్ని వారాలు పక్కన పెట్టాలి.

ముందు ఫ్లోరైడ్ సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ బాధితులను చూసిన జిల్లా మనది, భయం సహజమే. అయితే ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారికి వెన్ను, మెడ, పెద్ద కీళ్లు బిగుసుకుపోతాయి. మిగతా ఒళ్లంతా బాగుండి ఒక్క బొటనవేలే నొప్పి పెట్టదు. దానికోసం పరీక్షలకు డబ్బు పోయకండి.

మీరు చెప్పిన లక్షణాలు డీ క్వెర్వెయిన్ అనే సమస్యకు సరిపోతున్నాయి. బొటనవేలిని పైకీ పక్కకీ లాగే రెండు టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన సన్నని గొట్టం లాంటి తొడుగులోంచి వెళ్తాయి. అదే పని పదేపదే చేస్తే తొడుగు మందమై, వేలు కదిలినప్పుడల్లా రాపిడి అవుతుంది. పసిపిల్లల తల్లుల్లో ఇది తరచూ చూస్తాం. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, చేతిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. కాస్త లాగినట్టు అందరికీ ఉంటుంది, ఎడమ చేతితో పోల్చుకోండి. కుడివైపు ఒక్కసారిగా సలుపు పుడితే దాదాపు ఇదే.

ఈ ఆట మా అబ్బాయి ఆడుతుంటే చూశాను. 1996లో వచ్చిన మొదటిదీ దాని తర్వాతి రెండూ 2017లో కొత్తగా తెచ్చారు, నాలుగోది 2020లో వచ్చింది. అందులో నూరు శాతంతో సరిపెట్టరు, 106 దాకా పెట్టారు! మామూలుగా స్టేజీ దాటడం వల్ల పెద్ద ఇబ్బంది లేదు. చచ్చిపోకుండా డబ్బాలన్నీ పగలగొట్టడం, గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్స్, ఇవే అసలు బాధ. చివర్లో తప్పితే మళ్లీ మొదటి నుంచి. దూకడం, గిర్రున తిరగడం రెండూ కుడి బొటనవేలి పనే. టెన్షన్‌లో బటన్‌ను కావలసినదానికన్నా గట్టిగా నొక్కుతాం కూడా. పైగా నిద్ర చాలకపోతే చెయ్యి చురుకు తగ్గుతుంది, ఒంటిగంటకు రికార్డు కొట్టడం మరీ కష్టం.

కనీసం నెల రోజులు టైమ్ ట్రయల్స్ ఆపండి. మామూలు స్టేజీలు కొద్దిసేపు ఆడుకోవచ్చు, నొప్పి మొదలవగానే కంట్రోలర్ కింద పెట్టాలి. ప్లేస్టేషన్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ కింద బటన్లు మార్చుకునే వీలుంది. దూకే బటన్‌ను పైనున్న ఆర్1కు మారిస్తే ఆ పని చూపుడువేలు చేస్తుంది. చేతికి తోడుగా బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ కొనండి. మణికట్టుకు మాత్రమే చుట్టే బ్యాండ్ దీనికి పనికిరాదు. గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టి, తర్వాత డైక్లోఫెనాక్ జెల్ రాయండి. గ్యాస్ట్రిక్, బీపీ, కిడ్నీ సమస్యలుంటే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పాపను చంకల కింద బొటనవేళ్లు చాపి లేపకండి, ముంజేతులు కిందికి పోనిచ్చి ఎత్తుకోండి.

మీ ఆవిడ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే. ఆట మీద అదుపు తప్పి, ఉద్యోగం, ఇల్లు, ఒళ్లు దెబ్బతింటున్నా సాధారణంగా ఏడాదిపాటు అదే కొనసాగితే ఆ పేరు పెడతాం. మీ ఉత్తరంలో అంత కనిపించలేదు. కానీ ‘నొప్పి పుడుతున్నా ఆపలేకపోతున్నాను’ అన్నారు చూడండి, అక్కడ ఆవిడ పక్షమే నేను. ఈ నెల విరామం పాటించగలిగితే ఆవిడ అనుమానం కూడా తీరుతుంది.

నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌ను కలవండి. తొడుగులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది, ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. షుగర్ ఉంటే ముందే చెప్పండి, ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు అది పెరుగుతుంది. రాత్రిపూట బొటన, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కుతున్నా, మణికట్టు దగ్గర ఎర్రగా వాచి జ్వరం వచ్చినా నెల ఆగకుండా వెంటనే చూపించుకోండి.