నాన్నగారితో మహాభారతం మళ్ళీ చూసినప్పుడు

ఇంట్లో పెద్దవారితో కలిసి పాత ధారావాహికను మొదటి నుంచీ మళ్ళీ చూస్తే విసుగు రాదా అని కొందరు అడిగారు. మాకు రాలేదు. మేము ఎంచుకున్నది మహాభారతం కావడమూ, నడుమ ఆపి మాట్లాడుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పకపోవడమూ అందుకు కారణాలని నా నమ్మకం.

మాది ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. బి.ఆర్. చోప్రా నిర్మించిన ఆ ధారావాహిక 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ వరకు దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో 94 భాగాలుగా వచ్చింది. నాన్నగారికి హిందీ అంతంతమాత్రమే అయినా, రాహీ మాసూమ్ రజా రాసిన సంభాషణల నిండా సంస్కృత పదాలు ఉండటంతోనూ, కథ ముందే కంఠతా ఉండటంతోనూ అప్పట్లో ఆయనే మాకు అర్థం చెప్పేవారు. 2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతిలో మళ్ళీ వేసినప్పుడు మొదలుపెట్టి, తప్పిపోయిన భాగాలను తరవాత ఫోనులో వెతుక్కుని పూర్తిచేశాము.

నాన్నగారు తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలను తెల్లవార్లూ చూస్తూ పెరిగినవారు. అర్జునుడూ దుర్యోధనుడూ ద్వారకకు వెళ్ళి, నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గర కూర్చునే ఘట్టం రాగానే, "ఇది మన పడక సీను" అంటూ రిమోటు అందుకుని ఆపేశారు. తెర మీద నితీశ్ భరద్వాజ్ అలాగే ఉండిపోగా, ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, కుడిచెయ్యి చాచి, కృష్ణుడి పద్యం ఎత్తుకున్నారు. చివరి పాదంలో రాగం సాగదీసేటప్పుడు ఊపిరి చాలక ఆగి, మళ్ళీ ఆ పాదాన్ని మొదటి నుంచి అందుకుని పూర్తిచేశారు. హిందీ కృష్ణుడు ఇంట్లో మాట్లాడుకున్నంత మెత్తగా మాట్లాడతాడనీ, రంగస్థలం మీద కృష్ణుడికి దర్జా తగ్గితే మన జనం ఒప్పుకోరనీ ఆయన చెప్పిన తరవాత ఆ ఘట్టాన్ని ఇంకోసారి వేసుకుని చూశాము.

ఒడియా మాధ్యమంలో చదువుతున్న మా అమ్మాయి, వనవాసం నడుస్తుండగా, "నవగుంజర ఎప్పుడు వస్తాడు తాతా?" అని అడిగింది. కోడి తల, నెమలి మెడ, పాము తోక, మనిషి చెయ్యి ఇలా తొమ్మిది జీవుల అవయవాలతో కృష్ణుడు అర్జునుడికి కనిపించే ఆ కథ 15వ శతాబ్దపు సారళా దాసు ఒడియా మహాభారతంలోనిది. వ్యాసుడిలో గానీ మన కవిత్రయంలో గానీ లేదు. ఆ రూపాన్ని పటచిత్రాల్లో ఏళ్ళ తరబడి చూస్తున్న నాన్నగారు, దాని వెనక కథను మాత్రం మనవరాలి నోటనే, మధ్యలో ప్రశ్నలు వేస్తూ, పూర్తిగా విన్నారు. సరిహద్దు ఊళ్ళో పుట్టిన పిల్లలకు దొరికే ఈ భాగ్యాన్ని నేను తక్కువగా చూడలేను.

మీరు మొదలుపెట్టేటట్టయితే, పెద్దవారు తమదైన అభిప్రాయం గట్టిగా చెప్పగల కథనే ఎంచుకోండి. ఒక్కో భాగం సుమారు ముప్పావుగంట ఉన్నా, ఆపుతూ చూస్తే చాలాసేపు పడుతుంది కాబట్టి రోజుకు ఒక్కటి చాలు. వినికిడి తగ్గినవారికి మాట మీద మాట వేయకుండా, సంభాషణ అయ్యాక ఆపి చెప్పండి. యుద్ధంలో బాణాలు ఒకదానినొకటి ఢీకొనే దృశ్యాలను ముందుకు జరిపినా నష్టం లేదు గానీ, ముకేశ్ ఖన్నా భీష్ముడిగా అంపశయ్య మీద ఉన్న భాగాలను మాత్రం వదలకుండా చూడండి.