డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే తేల్చుకోండి

మీ ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టు డొమైన్, అంటే సైటు చిరునామా, ఆ ప్రాజెక్టును మొదలుపెట్టిన వ్యక్తి సొంత పేరు మీద ఉందనీ, ఆయన మంచివారు కాబట్టి సంస్థ పేరుకు మార్చమని అడగడానికి మొహమాటంగా ఉందనీ రాశారు. అడగండి. సంబంధాలు బాగున్నప్పుడే అడగాలి. మా విషయంలోనూ చెడ్డవారంటూ ఎవరూ లేరు.

మా చిన్న ప్రాజెక్టు డొమైన్‌ను తొలినాటి సహచరుడు ఒకరు తన కార్డుతో కొన్నారు. కొన్నేళ్లకు ఆయన వేరే పనుల్లో పడ్డారు, కార్డు గడువూ తీరింది. ఒక ఉదయం సైటు తెరిస్తే ఎవరివో ప్రకటనలు కనిపించాయి. రెన్యువల్ హెచ్చరికలన్నీ ఆయన చూడటం మానేసిన మెయిలుకు వెళ్లాయి. పైగా ఆ మెయిలు చిరునామా కూడా అదే డొమైన్‌ది! పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఆ లింకు వెళ్లేదీ అక్కడికే. డబ్బు మేమే కడతామన్నా రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే సంస్థ) ఒప్పుకోలేదు, ఖాతాదారులం మేము కాదు కదా. చివరికి పాత మిత్రుల ద్వారా ఆయన ఆచూకీ దొరికింది. గుర్తింపు పత్రాలు పంపి ఆయనే విడిపించారు.

ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది సైటు లేకపోవడం కాదు. మా ప్రోగ్రాము కొత్త వెర్షన్ వచ్చిందా అని రోజూ అడిగేది ఆ చిరునామానే. డాట్ ఆర్గ్ డొమైన్‌ను రిజిస్ట్రార్ తొలగించాక తిరిగి తీసుకోవడానికి 30 రోజులు ఉంటాయి, ఆపై మరో 5 రోజులకు అది ఎవరికైనా దొరుకుతుంది. అప్పుడు కొన్నవారు మా వాడుకరుల కంప్యూటర్లకు ఏమి పంపినా, అది మా పేరుతోనే వెళ్లేది.

పెద్ద ప్రాజెక్టులకూ ఈ చిక్కు తప్పలేదు. 2009 జూలైలో సెంట్ఓఎస్ (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) బృందం, డొమైన్ చేతిలో పెట్టుకుని మౌనంగా ఉండిపోయిన సహవ్యవస్థాపకుడికి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లో మాట కుదిరింది కాబట్టి సరిపోయింది. అలాంటిదే అయిన డెబియన్ ప్రాజెక్టు తన డొమైన్‌ను సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పేరు మీద ఉంచింది. మీకు సొంత సంస్థ లేకపోతే ఇలా పలు ప్రాజెక్టుల ఆస్తులను తన పేరు మీద ఉంచే గొడుగు సంస్థలో చేరడమే మేలని నా అభిప్రాయం. లైసెన్సు వల్ల కోడ్‌ను ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే కాపీ తీసుకుని వేరుగా నడుపుకోవచ్చు; పేరును అలా చేసుకోలేరు.

ఖాతా మెయిలు వేరే డొమైన్‌లో ఉండాలి, ప్రవేశం కనీసం ఇద్దరికి ఉండాలి. డౌన్‌లోడ్ పేజీని ఎవరు మార్చవచ్చో, వారు తప్పుకుంటే ఆ అధికారం ఎవరికి వెళుతుందో రెండు వాక్యాల్లో రాసి రిపాజిటరీలోనే (కోడ్ ఉంచే చోటే) పెట్టండి. ఆయన ఇన్నేళ్లూ కట్టిన డబ్బు తిరిగి ఇస్తామని మీరే ముందుగా చెప్పండి. మా సహచరుడు ఆ డబ్బు తీసుకోలేదు గానీ, ఆ మాటకు చాలా సంతోషించారు. యజమాని పేరు మారాక 60 రోజుల దాకా వేరే రిజిస్ట్రార్‌కు తరలించనివ్వకపోవచ్చు, కాబట్టి రెన్యువల్ తేదీ దగ్గరపడే దాకా ఆగకండి.