20 అక్షరాలు దాచుకుంటే 1 ఎంబీ ఎందుకు ఖర్చవుతోంది?

ప్రశ్న: గో భాషలో రాసిన మా ప్రోగ్రామ్ ఒక్కొక్కటి సుమారు 1 ఎంబీ ఉండే సందేశాలను స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) చదివి, వాటిలోని 20 అక్షరాల లావాదేవీ సంఖ్యను మాత్రమే మ్యాప్ అనే పట్టికలో దాచుకుంటుంది. 5,000 సందేశాలు పూర్తయ్యేసరికి మెమరీ వాడకం 5 జీబీకి చేరుతోంది. వాడుకలో లేని మెమరీని ఖాళీ చేయవలసిన గార్బేజ్ కలెక్టర్ పనిచేయడం లేదా?

జవాబు: పనిచేస్తోంది. అయితే ఆ సందేశాలన్నీ ఇంకా వాడుకలోనే ఉన్నాయని మీ ప్రోగ్రామే దానికి చెబుతోంది. గోలో స్ట్రింగ్ అంటే అసలు పాఠం ఎక్కడుందో చూపే పాయింటరు, దాని పొడవు. 64 బిట్ యంత్రంలో ఈ రెండూ కలిపి 16 బైట్లు. మీరు 10 నుంచి 30 వరకు ముక్క కోసినప్పుడు అక్షరాల నకలు తయారు కాదు, పాత సందేశం మధ్యలోకి చూపించే మరో 16 బైట్లు మాత్రమే పుడతాయి. ఆ పాయింటరు బతికి ఉన్నంతకాలం 1 ఎంబీ మొత్తం కదలదు. అందుకే 100 కేబీకి మించని లావాదేవీ సంఖ్యలు 5 జీబీని పట్టి ఉంచాయి.

మ్యాప్‌లో వేసే ముందు ఆ ముక్కను స్ట్రింగ్స్ ప్యాకేజీలోని క్లోన్ ఫంక్షన్‌కు ఇచ్చి, అది తీసి ఇచ్చే నకలును దాచుకోండి. 2022లో వచ్చిన గో 1.18 వెర్షన్ నుంచి ఆ ఫంక్షన్ ఉంది. సందేశం మీ చేతికి బైట్ స్లైస్‌గానే (ఇంకా స్ట్రింగ్‌గా మార్చని బైట్ల వరుసగా) వస్తుంటే ఇంకా తేలిక: ముందు ముక్క కోసి, తరువాత దానిని స్ట్రింగ్‌గా మార్చండి, ఆ మార్పిడిలోనే 20 బైట్లకు నకలు తయారవుతుంది. స్ట్రింగ్‌ను విడగొట్టే స్ప్లిట్, అంచుల్లోని ఖాళీలు తీసేసే ట్రిమ్‌స్పేస్ ఫంక్షన్లు ఇచ్చే ముక్కలు కూడా పాత పాఠాన్నే పంచుకుంటాయని గుర్తుంచుకోండి. అలాగని కనబడిన ప్రతిచోటా క్లోన్ తగిలించవద్దు. పోల్చి చూసి వెంటనే వదిలేసే ముక్కకు నకలు దండగ, సందేశంలో అధిక భాగాన్ని ముక్కలుగా దాచుకునేవారికి పంచుకోవడమే లాభం.

జావాలోనూ 2012 వరకు ఇదే తంతు. 7వ వెర్షన్ 6వ అప్‌డేట్ నుంచి అక్కడ ముక్క కోసే సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ నకలు తీయడం మొదలుపెట్టింది. స్విఫ్ట్ భాష 4వ వెర్షన్ మాత్రం 2017లో సబ్‌స్ట్రింగ్‌ను (కోసిన ముక్కను) వేరే టైపుగా చేసింది కాబట్టి, స్ట్రింగ్ ఉండవలసిన చోట దానిని పెడితే కంపైలరే అడ్డుకుంటుంది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే పొరపాటు సర్వర్ మీద కాక ఎడిటర్‌లోనే బయటపడుతుంది.

మెమరీ ఎక్కడ ఖర్చవుతోందో చూపే గో సాధనం పీప్రాఫ్‌తో పరిశీలించేటప్పుడు ఒక చిక్కు ఉంది: అది మెమరీని మ్యాప్ ఖాతాలో కాక, సందేశాన్ని చదివిన ఫంక్షన్ ఖాతాలో చూపిస్తుంది. క్లోన్ చేర్చిన తరువాత ఆ ఫంక్షన్ ఎదుట ఉన్న అంకె తగ్గిందో లేదో చూడండి.