షాంఘైలో టిఫిన్ నడక: శాకాహారులు వెళ్లొచ్చా?

సందేహం: ఈమధ్యే గుంటూరు నుంచి షాంఘై వచ్చాం. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను ఒక శనివారం పొద్దున్నే గైడుతో వీధుల్లో తిప్పి ఇక్కడి టిఫిన్లు తినిపిస్తారట. కుటుంబంతో రావచ్చన్నారు. నేను గుడ్డు తింటాను, మా ఆవిడ అదీ తినదు. మాంసం, చేపలు ఇద్దరం ముట్టం. అలాంటివాళ్లం వెళ్లి ఏం తింటాం? మానేసి ఇంట్లో ఉప్మా చేసుకోవడమే నయమా?

జవాబు: వెళ్లండి తమ్ముడూ. ఉప్మారవ్వ ఎలాగూ సూట్‌కేసులో వచ్చే ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. ఈ ఊళ్లో పొద్దున ఆరింటికి తెరిచి తొమ్మిదిన్నర, పదికల్లా కట్టేసే చిన్న చిన్న కొట్లలోకి మాత్రం ఎవరూ తోడు లేకుండా మొదటిసారి వెళ్లడం కష్టం. బోర్డు చైనీస్‌లో ఉంటుంది, బొమ్మలుండవు, మీ వెనక పదిమంది ఆఫీసుకు లేటవుతోందని నిలబడి ఉంటారు. ఆ టెన్షన్‌లో అడగాల్సింది అడగలేక చాలామంది బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోతారు. అందుకే గైడుతో నడకను నేను షికారు కింద లెక్కెయ్యను. ఏ కొట్లో ఏం అడగాలో, ఏది వద్దనాలో ఒక్క పూటలో తెలిస్తే, ఆ తర్వాత మీ సందు చివరి కొట్లో మీరే నిలబడి తినగలుగుతారు. డబ్బు పెట్టేది దానికి.

ముందు మీ భయం సంగతి చూద్దాం. షాంఘైవాళ్ల అసలైన పొద్దుటి తిండిని నాలుగు పేర్లతో చెబుతారు. బౌద్ధ ఆలయం వాకిట్లో నిలబడే నలుగురు ద్వారపాలకుల పేరు దానికి పెట్టుకున్నారు, స దా జిన్‌గాంగ్ అని. ఆ నాలుగూ ఏమిటంటే, నువ్వులు చల్లి కాల్చిన దాబింగ్ రొట్టె, నూనెలో వేయించిన పొడుగాటి యోతియావ్, జిగురు బియ్యం ముద్ద త్సఫాన్, సోయాపాలు దోజ్యాంగ్. గోధుమ, బియ్యం, సోయా, నూనె. మూలంలో మాంసం లేదు. వచ్చిన చిక్కల్లా పైన చల్లేవాటితో, లోపల దాచేవాటితో. గైడు చేత చెప్పించుకోవాల్సింది అదే.

మీ ఆవిడకి అన్నిటికంటే పనికొచ్చేది దోజ్యాంగ్. తియ్యటిది, చప్పటిది, ఉప్పటిది అని మూడు రకాలు. తియ్యటిదీ చప్పటిదీ కళ్లు మూసుకుని తాగొచ్చు. ఉప్పటిది, అంటే శ్యెన్ దోజ్యాంగ్, చేస్తుంటే దగ్గర నిలబడి చూడండి. గిన్నె అడుగున కాస్త వెనిగర్, సోయాసాస్, సన్నగా తరిగిన జాత్సాయ్ పచ్చడి, ఉల్లికాడలు, చిటికెడు ఎండు రొయ్యపొట్టు, నాలుగు యోతియావ్ ముక్కలు వేసి, పైనుంచి మరుగుతున్న సోయాపాలు ధారగా పోస్తారు. వెనిగర్ తగలగానే పాలు విరిగి మెత్తటి తెట్టెలు కడతాయి. పైన ఎర్రటి మిరపనూనె నాలుగు చుక్కలు. చూడ్డానికి పాడైపోయిన పాలలా ఉంటుంది, అందుకే మనవాళ్లు చాలామంది మొహం తిప్పుకుంటారు. పులుపు, ఉప్పు, కారం మూడూ ఉన్న వేడి గిన్నె చలికాలం పొద్దున దొరకడం అదృష్టమని నా అభిప్రాయం. మీరు చెయ్యాల్సిందల్లా పాలు పొయ్యకముందే ‘బు యావ్ శ్యాపీ’ అనడం, అంటే రొయ్యపొట్టు వద్దని. పోశాక చెబితే లాభం లేదు, అది కంటికి కూడా ఆనదు.

త్సఫాన్ తువాన్ చేసే మనిషి చేతులు ఇంకా చకచకా కదులుతాయి. చెక్క పీపాలోంచి వేడి వేడి జిగురు అన్నం తీసి, ప్లాస్టిక్ కాగితం పరిచిన తడిగుడ్డ మీద అరచేతంత పరిచి, మధ్యలో యోతియావ్ పెట్టి, పచ్చడి వేసి, గుడ్డతోనే చుట్టి గట్టిగా నొక్కుతారు. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పక్కన డబ్బాలో లేత గోధుమరంగులో, దూదిలా మెత్తగా ఏదో ఉంటుంది. కొబ్బరి కోరు వేయించారేమో అనిపిస్తుంది. అది రోసుంగ్, ఎండబెట్టి పీచు పీచుగా చేసిన పందిమాంసం. తెలియనివాడు శాకాహారమనే అనుకుంటాడు. దాన్ని వేలితో చూపించి ‘బు యావ్’ అనండి. లేదా పంచదార వేసిన తియ్యటి ముద్ద అడగండి, అందులో ఈ గొడవే ఉండదు. ఒక ముద్ద తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు. నడకలో అయితే ఇద్దరూ కలిసి ఒకటి తీసుకోండి.

యోతియావ్ దగ్గర ప్రతి గైడూ ఒక కథ చెబుతాడు. సాంగ్ రాజుల కాలంలో యువె ఫెయ్ అనే సేనాపతి ఉండేవాడు. మంత్రి చిన్ హ్వెయ్ కుట్రతో 1142లో అతన్ని చంపించారు. జనం కోపమొచ్చి మంత్రినీ అతని పెళ్లాన్నీ పిండిబొమ్మలుగా చేసి నూనెలో వేయించారనీ, రెండు కడ్డీలు అంటుకుని ఉండేది అందుకేననీ చెబుతారు. కథ బాగానే ఉంది. రెండు పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడానికి వంటవాడు చెప్పే కారణం వేరు. నూనెలో పడ్డాక ఆ రెంటి మధ్య ఆవిరి నిలిచి, లోపలి వైపు వెంటనే గట్టిపడకుండా ఉంటుంది, దాంతో కడ్డీ రెట్టింపు పొంగుతుంది. ఒంటి పట్టీ అలా పొంగదు. పాత పద్ధతిలో పిండిలో సోడా, ఉప్పుతో పాటు పటిక కలుపుతారు. పటికలో అల్యూమినియం ఉంటుంది గనక ఈమధ్య కొన్ని కొట్లు పటిక లేదని బోర్డే పెడుతున్నాయి. అలాంటి కొట్టు దొరికితే అక్కడే తినండి. కేఎఫ్‌సీ కూడా చైనాలో 2008 నుంచి యోతియావ్ అమ్ముతోంది. కొట్టు రుచి రాదు గానీ, కొత్తలో ధైర్యం చాలకపోతే అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇక జ్యెన్‌బింగ్. ఇది షాంఘైది కాదు, షాన్‌దొంగ్, త్యెన్‌జిన్ వైపు నుంచి వచ్చింది, కానీ ఇప్పుడు ప్రతి మెట్రో స్టేషన్ దగ్గరా దొరుకుతుంది. త్యెన్‌జిన్ పద్ధతిలో పిండి పెసలదే. అంచేత గుంటూరువాళ్లకి ఇది పెసరట్టుకి దూరపు చుట్టం అనొచ్చు. గుండ్రటి పెనం మీద గరిటెడు పిండి పోసి, చిన్న చెక్క పలకతో ఒక్క చుట్టులో పల్చగా తిప్పేస్తారు. దాని మీద గుడ్డు కొట్టి పులిమి, ఉల్లికాడలు, కొత్తిమీర, నువ్వులు చల్లి తిరగేస్తారు. తియ్యటి పిండి సాసు, కారం సాసు కుంచెతో రాసి, కరకరలాడే వేయించిన రేకు ఒకటి పెట్టి, మడిచి, అట్లకాడతో మధ్యకి నరికి కాగితం సంచిలో పెట్టి చేతికిస్తారు. మీకు ఇది రోజూ టిఫినవుతుంది. మీ ఆవిడకి గుడ్డు లేకుండా వెయ్యమనాలంటే ‘బు యావ్ జీదాన్’ అని పిండి పొయ్యకముందే చెప్పాలి. కొందరు ఒప్పుకోరు. గుడ్డు లేకపోతే అట్టు మడిచేటప్పుడు చిరుగుతుందని వాళ్ల బాధ. అదే పెనం మీద అదే అట్లకాడతో సాసేజీలు కూడా తిప్పుతారు. ఇంకో మాట, షాంఘై కొట్లలో చాలాచోట్ల పిండి పెసలది కాదు, మైదా కలిసినది. పెసలదా అని అడగాలంటే ‘ల్యుదో’ అనండి, తల ఊపితే అదే. కారం గురించి బెంగ వద్దు. వాళ్లు ఘాటు అనేది మనకి ఘాటే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. శాకాహారిని ఇక్కడ ఇబ్బంది పెట్టేది మాంసం ముక్క కన్నా పందికొవ్వు. ముక్క కనబడుతుంది, కొవ్వు కనబడదు. ఉల్లికాడల రొట్టె, త్సోంగ్‌యోబింగ్, పేరు వినగానే మనకి ప్రాణం లేచొస్తుంది. పాత షాంఘై పద్ధతిలో దాన్ని పందికొవ్వు రాసి, కొవ్వు ముక్కలు లోపల పెట్టే కాలుస్తారు. పుట్టగొడుగులు, ఆకుకూర పెట్టిన ఆవిరి బన్నులో రుచి కోసం కాస్త కొవ్వు కలిపేవాళ్లున్నారు. ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టిన బన్నులోనూ ఉండొచ్చు. దాబింగ్ పొరల మధ్య రాసేది నూనో కొవ్వో కొట్టుని బట్టి మారుతుంది. కాబట్టి నేర్చుకోవాల్సిన ప్రశ్న ‘యో జూయో మా?’, పందికొవ్వు ఉందా అని. మాంసం ఉందా అని మాత్రం అడిగితే లేదనే అంటారు, అబద్ధమేమీ చెప్పినట్టు కాదు. ఇక్కడ ఉత్త రో అంటే పందిమాంసం ముక్క అనే అర్థం, కొవ్వూ మాంసం మరిగించిన నీళ్లూ అందులోకి రావు.

అందుకే ఆఫీసువాళ్లకి ‘వెజిటేరియన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. నాకు తెలిసిన ఒకావిడ అలాగే రాస్తే, గైడు నూడుల్స్ గిన్నెలోంచి మాంసం ముక్కలు చాప్‌స్టిక్స్‌తో ఏరి పక్కన పెట్టి, ఇప్పుడు తినండి అన్నాడట. మనసులో చెడు లేదు పాపం. మీరు విడివిడిగా రాయండి. మాంసం, చేప, రొయ్య, పందికొవ్వు, మాంసం ఉడికించిన నీళ్లు వద్దు, ఒకరికి గుడ్డు కూడా వద్దు, ఉల్లీ వెల్లుల్లీ పర్వాలేదు అని. చివరిది ఎందుకంటే, ఇక్కడ ‘సు’ అంటే బౌద్ధుల లెక్కలో ఉల్లి, వెల్లుల్లి కూడా లేని తిండి. అది చెప్పకపోతే సగం వంటకాలు మీకు పనికిరావనుకుని తీసేస్తారు. మాంసం వండిన నూనెలో వేయించింది తింటారా లేదా అన్నది మీరిద్దరూ ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. రోడ్డు మీద చర్చ పెట్టుకుంటే గుంపు మొత్తం ఆగిపోతుంది.

నడక ఎక్కడో చెప్పలేదు మీరు. సాధారణంగా పాత ఫ్రెంచి వాళ్ల పేట వైపు పెడతారు, హ్వాయ్‌హాయ్ రోడ్డు మీది షియాంగ్‌యాంగ్ పార్కు చుట్టుపక్కల సందుల్లో. 1849లో మొదలైన ఫ్రెంచి పేట తర్వాత ఇటువైపు పెరిగింది, రోడ్డుకి రెండు పక్కలా ప్లేన్ అనే రకం పెద్ద పెద్ద చెట్లు. మెట్రోలో అయితే సౌత్ షాన్షి రోడ్ స్టేషన్‌లో దిగాలి. ఒకప్పుడు ఇలాంటి చోట్ల రోడ్డు మీదే బండ్లుండేవి, ఊరు శుభ్రం చేసే కార్యక్రమాల్లో చాలా మటుకు తీసేశారు. మిగిలినవి ఇప్పుడు గది కొట్లలోకి చేరాయి. గుంపులో మాంసం తినేవాళ్లుంటే షంగ్‌జ్యెన్ దగ్గర చాలాసేపు ఆపుతారు, అడుగు మాడ్చి వేయించే పందిమాంసం బన్నులవి. మీకు అక్కడ పనేమీ లేదు, వాసన చూసి ముందుకెళ్లండి.

ఆ పేట దాటి నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డుకి వెళ్లే ఓపిక ఉంటే గోందెలిన్ అనే శాకాహార హోటల్ ఉంది, 1922 నుంచి నడుస్తోంది. వాళ్ల ఆకుకూర బన్నులు నిశ్చింతగా తినొచ్చు. చైనా చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో చాలామంది స్థానికులు మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో గుళ్ల దగ్గర శాకాహార నూడుల్స్‌కి పెద్ద లైనుంటుంది.

డబ్బు చెల్లించడానికి అలీపే, వీచాట్ అనే ఫోన్ యాప్‌లలో ఒకదానిలో మీ ఇండియా బ్యాంకు వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డు గానీ ఎక్కించుకోండి, బ్యాంకులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయించుకోవడం మరవద్దు. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపుంటే అదనపు రుసుము లేదు, పైన అయితే 3 శాతం పడుతుంది. టిఫిన్‌కి 200 దాటే ప్రశ్నే లేదు. గూగుల్ అనువాదం ఇక్కడ పనిచెయ్యదు, అలీపేలోనే అనువాదం ఉంది, అది వాడండి.

వేరే ఊళ్లకి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా ఎంబీబీఎస్ వాళ్లు, ఇదే పద్ధతి అక్కడా పెట్టుకోవచ్చు, పదార్థాలే మారతాయి. వూహాన్‌లో నువ్వుల ముద్ద కలిపిన రగాన్‌మ్యెన్ నూడుల్స్ తినకుండా తెల్లారదు. పైన పోసే ముదురు రంగు నీళ్లు మాంసం ఉడికించినవి కావచ్చు, అడిగి మానిపించుకోండి. త్యెన్‌జిన్‌లో పెసర అట్టును ముక్కలు చేసి చిక్కటి పులుసులో వేసే గాబాత్సాయ్ ఉంది, ఆ పులుసు సంప్రదాయంగా మాంసం లేనిదే. షీఆన్‌లో హూలాతాంగ్ అనే మిరియాల సూప్‌తో మాత్రం జాగ్రత్త, ముస్లింల కొట్లలో పంది ఉండదని ధైర్యంగా వెళ్తాం, అక్కడ వేసేది గొడ్డుమాంసం.

శనివారం ఇంట్లో ఏమీ తినకుండా, కాఫీ మాత్రం తాగి బయల్దేరండి. రెండు మూడు గంటల్లో ఆరేడు చోట్ల ఆపుతారు, మొదటి కొట్లోనే కడుపు నింపుకుంటే మిగతావి చూడ్డమే మిగులుతుంది. నడక అయ్యాక గైడుని పక్కకి పిలిచి, పందికొవ్వు ప్రశ్ననీ ‘గుడ్డు వద్దు’ మాటనీ చైనీస్‌లో మీ ఫోన్లో టైపు చేయించుకోండి. మీ ఇంటి దగ్గరి కొట్టువాడికి నోటితో చెప్పి తిప్పలు పడేకంటే అది చూపిస్తే సరిపోతుంది.