ఈ మధ్య వస్తున్న తమిళ సినిమాలు థియేటర్లో చూస్తున్నవాళ్లు ఉన్నారా? నిజంగా మనవాళ్లు చెప్పుకునేంత బాగుంటున్నాయా?

చూస్తున్నాను. మాది నెల్లూరు జిల్లా. పదకొండేళ్లుగా చెన్నైలో, అంబత్తూరులో ఉద్యోగం. నెలకు రెండు సినిమాలైనా హాల్లోనే చూస్తాను. నాకు అర్థమైంది ఇదీ: ఒక ఊరిని పట్టుకుని తీసిన తమిళ సినిమా ఇప్పుడు ఇంకెవరూ తీయలేనంత బాగుంటోంది. దేశమంతా చూడాలని తీసిన తమిళ సినిమా మాత్రం ఎవరికీ కాకుండా పోతోంది.

2024 ఒక్క ఏడాది చాలు. జులైలో 'ఇండియన్ 2', నవంబరులో 'కంగువా'. రెండింటికీ మొదటి రోజే వెళ్లాను. రెండింటికీ ఇంటర్వెల్ కూడా కాకముందే నా వరసలో జనం ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ రెండింటి మధ్యే ఆగస్టులో 'వాళై', సెప్టెంబరులో 'లబ్బర్ పందు' వచ్చాయి. ఒకటి తూత్తుకుడి వైపు అరటిగెలలు మోసే పిల్లాడి కథ. ఇంకొకటి ఊరి మైదానంలో రబ్బరు బంతి క్రికెట్ ఆడే కాబోయే మామా అల్లుళ్ల పంతం. హాల్లో ఒక్క సెల్లు వెలుగు కనపడలేదు. సైనికుడి కథ 'అమరన్' పెద్ద సినిమాయే కదా, బ్రహ్మాండంగా ఆడింది కదా అంటారు. రెండుసార్లు చూశాను. కాశ్మీరు కాల్పులు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేవు. అతని భార్యగా ఫోన్ చెవికి పెట్టుకున్న సాయిపల్లవి ముఖం గుర్తుంది. అది కూడా ఇంటి కథే.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది 'మెయ్యళగన్' గురించి. 2024 సెప్టెంబరు 27న వచ్చింది. అదే రోజు 'దేవర' కూడా. మోకాళ్ల నొప్పులకు డాక్టర్‌కి చూపించడానికి మా నాన్న చెన్నై వచ్చి ఉన్నాడు. ఆదివారం సాయంత్రం 'దేవర'కు వెళ్దామంటే ఎక్కడా టికెట్లు లేవు. వడపళని దగ్గర ఒక హాల్లో దీనికి మాత్రం దొరికాయి. నాన్నకు తమిళం వింటే అర్థమవుతుంది, మాట్లాడలేడు. "ఏదో ఒకటి, పద" అన్నాడు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆస్తి తగాదాలో తంజావూరులోని ఇల్లు పోగొట్టుకుని 1996లో మద్రాసు వెళ్లిపోయిన కుటుంబంలోని అబ్బాయి అరవింద్ స్వామి. ఇరవై ఏళ్లు దాటాక, వరసకు చెల్లెలైన అమ్మాయి పెళ్లికి మళ్లీ ఆ వైపు వస్తాడు. అక్కడ కార్తి "అత్తాన్" (బావా) అంటూ అతన్ని అంటిపెట్టుకుని తిరుగుతాడు. ఎవరో, పేరేమిటో ఇతనికి ఎంతకీ గుర్తు రాదు. అడగడానికి మొహమాటం. ఆ ఒక్క రాత్రే సినిమా అంతా.

పెళ్లి మండపంలో ఒక సీను ఉంది. అన్న తెచ్చిన బహుమతిని చెల్లెలు స్టేజీ మీదే విప్పుతుంది. ఒక్కో నగా తీస్తుంటే అతనే పెడతాడు. కింద కూర్చుని కాళ్లకు పట్టీలు కూడా తొడుగుతాడు. పెద్ద డైలాగులేమీ లేవు. ఆ సీనులో పక్కకు చూస్తే నాన్న కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాన్న ఏడవడం మా నాయనమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజే చూశాను.

మాకూ అలాంటి కథే ఉంది. వెంకటగిరి దగ్గర మా ఇల్లు వాటాల గొడవలో అమ్మేసి నెల్లూరు వచ్చేటప్పటికి నేను నాలుగో తరగతి. ఆ గొడవలో మా మేనత్త ఒకవైపు, నాన్న ఇంకోవైపు. తర్వాత చావులకూ పెళ్లిళ్లకూ కనపడ్డారేగానీ మాట్లాడుకోలేదు.

ఇంటర్వెల్‌లో నాన్న లేవలేదు. టీ తెస్తే చేతిలో పట్టుకుని, "మనం సామాన్లు ఎత్తుకున్న రోజు ఎద్దుల బండి తోలుకొచ్చి డబ్బులొద్దన్నాడే, ఆ అబ్బోడి పేరేందిరా?" అన్నాడు. నాకు తెలియదు. మిగతా సినిమాలో కూడా ఆ పేరు కోసమే వెతుక్కుంటున్నాడని చూస్తేనే తెలుస్తోంది.

ఈ సినిమా నిదానంగా ఉంది, మాటలు ఎక్కువ అని అప్పుడు చాలామంది అన్నారు. వారం తిరక్కముందే 18 నిమిషాలు కత్తిరించారు. నాకు చాలా బాధేసింది. పాత మనుషులు అర్ధరాత్రి కలిసి కూర్చుంటే మాటలు కాక ఇంకేముంటాయి? ఫైటుకు పది నిమిషాలిచ్చే జనం ఇద్దరు మనుషుల మాటలకు ఆ పాటి ఓపిక పట్టలేరా?

తెలుగులో 'సత్యం సుందరం' అని వచ్చింది. డబ్బింగు బాగుంది, కాదనను. కానీ తంజావూరును గుంటూరు చేశారు. వెనక గోపురాలూ కావేరి కాలవలూ కనిపిస్తుంటే ఏ గుంటూరువాడు నమ్ముతాడు? రజనీకాంత్ 'వేట్టయన్' పేరు తెలుగులోనూ అలాగే ఉంచారని అదే ఏడాది అక్టోబరులో మనవాళ్లు గొడవ చేశారు. నేనైతే పేరూ ఊరూ అలాగే ఉంచి మాట మాత్రం తెలుగు చేయమంటాను. తంజావూరు మనకు తెలియని ఊరా? అక్కడి రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆ పేరు వింటే తెలుగువాడు పరాయి ఊరనుకుని లేచి వెళ్లిపోడు.

ఇంకొకటి. 2023 జనవరిలో తెల్లవారుజాము ఆట సంబరాల్లో ఒక కుర్రాడు ప్రాణం పోగొట్టుకున్నాక తమిళనాడులో మొదటి ఆట పొద్దున తొమ్మిదికే. పెద్ద సినిమా వస్తే మా ఆఫీసు కుర్రాళ్లు తెల్లవారుజాము ఆట కోసం రాత్రికి రాత్రి బైకుల మీద సరిహద్దు దాటి మన ఆంధ్రలోని సూళ్లూరుపేట వెళ్తారు. చీకట్లో ఆ హైవే మీద లారీల మధ్య! ఇంటికి తిరిగొచ్చేదాకా నాకు టెన్షన్. తొమ్మిది గంటల పద్ధతి మన వైపు కూడా పెట్టాలి.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాన్న అన్నం సగమే తిన్నాడు. పొద్దున నేను లేచేసరికి బాల్కనీలో ఉన్నాడు. నా ఫోన్ ఇచ్చి, "అత్త నంబరు నీ దగ్గరుందా?" అన్నాడు. ఉంది, నేను పండక్కి చేస్తుంటాను. కలిపి ఇచ్చాను. "నేనేమ్మే" అని, బాగున్నావా అని కూడా అడగకుండా, ముందు ఆ బండి అబ్బోడి పేరే అడిగాడు. అత్త వెంటనే చెప్పేసిందట. ఆ తర్వాత యాభై నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను ఆ రోజు ఆఫీసుకు లేటుగా వెళ్లాను.