బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రుల్లో అంత డబ్బు కట్టినా నర్సులు ఎందుకు పట్టించుకోరు?

పట్టించుకోరు అన్న మాట దగ్గరే నాకు పేచీ. పట్టించుకోవడానికి అక్కడ మనిషంటూ ఉండాలి కదా!

నిరుడు మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్లని మదనపల్లె నుంచి తీసుకొచ్చి మారతహళ్లి వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే అయింది. ఆ రాత్రి రెండింటికి సెలైన్ సీసా అయిపోయి, గొట్టంలోకి రక్తం పాకడం మొదలైంది. గంట నొక్కాను. తలుపు పైన ఎర్ర లైటు వెలిగింది, అంతే. వరండాలోకి వెళ్లి చూస్తే మరో మూడు గదుల మీదా అదే లైటు! సిస్టర్ ఒక్కతే, కేరళ అమ్మాయి. రెండో ఆవిడను ఐసీయూకి పిలిపించుకున్నారట. "గొట్టానికి ఉన్న చిన్న చక్రం కిందికి తిప్పేయండి సార్, వచ్చేస్తాను" అని వచ్చీరాని కన్నడంలో చెప్పి పక్క గదిలోకి పరుగెత్తింది. తిప్పేశాను. నర్సింగ్‌లో నా చదువు అక్కడితో పూర్తి.

అరగంటకు వచ్చింది. అరచేతిలో బాల్‌పెన్నుతో గది నంబర్లు రాసుకుంది. మా 412ను కొట్టేసి సూది సరిచేసింది. నాన్నగారు తనకు వచ్చిన ఒకే ఒక్క కన్నడ ముక్క, "ఊట ఆయ్తా?" అని అడిగారు. నవ్వేసి వెళ్లిపోయింది.

ఆ అంతస్తులో 17 మంది రోగులు. సర్కారు ఆసుపత్రులకు స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ (ఎక్కడ ఎంతమంది సిబ్బంది ఉండాలో తేల్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) పెట్టిన లెక్కే సాధారణ వార్డులో 6 పడకలకు ఒక నర్సు. మా బిల్లులో గది అద్దె కాక, నర్సింగ్ ఛార్జీలు విడిగా రోజుకు 900. అందరికీ అంతే అనుకుంటే ఒక్క అంతస్తు మీదే రోజుకు 15,300. ఆ అమ్మాయి జీతం నెలకు 22 వేలు. రోజున్నరలో రాబట్టేశారు! 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ సిఫారసు చేసింది. చేస్తే ఏం, ఇచ్చేవాడు ఇవ్వాలిగా.

అదే అర్ధరాత్రి కింద బిల్లుల కౌంటర్లో మాత్రం నలుగురున్నారు, ఏసీలో. డిశ్చార్జి రోజు బీమా కాగితాల కోసం పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చోబెట్టి, ఆ ఆరు గంటలకూ పార్కింగ్ వసూలు చేశారు. దాని మీద వేరే జవాబు రాయాలి.

వచ్చేటప్పుడు సిస్టర్ల బల్ల మీద మందుల ట్రే పక్కన జర్మన్ భాష నేర్చుకునే పుస్తకం కనిపించింది, సగం దాకా పెన్సిల్ గీతలతో. ఈపాటికి వెళ్లిపోయే ఉంటుంది.