పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ధర్మానికి లెక్కల పుస్తకంలో చోటుందా?

ప్రశ్న: నేను డిగ్రీలో వాణిజ్యశాస్త్రం చదువుతున్నాను. ధర్మం, ఆధ్యాత్మికత ఉపన్యాసాలకు బాగుంటాయే గాని అర్థశాస్త్రంలో లెక్కకు రావని మా తరగతిలో చాలామంది వాదించారు. గాంధేయ ఆర్థిక చింతనలో శాస్త్రమంటూ ఏమైనా ఉందా, లేక అది నీతిబోధ మాత్రమేనా?

జవాబు: మీ తరగతిలో జరిగిన వాదన ఒక శతాబ్దం కిందటే మొదలైంది. 1916 డిసెంబరు 22న అలహాబాదులోని మ్యూర్ కళాశాల ఆర్థికశాస్త్ర సంఘంలో గాంధీజీ ప్రసంగించిన విషయమే, ఆర్థిక ప్రగతికీ నిజమైన ప్రగతికీ వైరుధ్యం ఉందా అన్నది. వ్యక్తి నైతిక క్షేమానికి గాని, జాతి నైతిక క్షేమానికి గాని చేటు తెచ్చే అర్థశాస్త్రం పాపమని 1921లో యంగ్ ఇండియాలో ఆయన రాశారు. ఈ మాట ఒక్కటే చదివితే నీతిబోధలాగానే ఉంటుంది. అయితే అది ఖద్దరు పనిలో ఎలా అమలైందో చూడండి.

1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం మొదటి పదేళ్లూ ఖద్దరు ధర ఎలా తగ్గించాలి, అమ్మకం ఎలా పెంచాలి అన్న ఆలోచనతోనే గడిపింది. 1935లో గాంధీజీ ఆ ఆలోచనను తలకిందులు చేశారు. రోజంతా రాట్నం ముందు కూర్చున్న మనిషికి ఆ కూలితో కడుపు నిండుతుందా అని అడిగారు. బట్ట ప్రియమైతే కొనేవారు తగ్గిపోతారని కార్యకర్తలు భయపడ్డారు. ఆ భయం అకారణమైనది కాదు. అయినా ఆ ఏడాది సంఘం ఒక తీర్మానం చేసింది: ఎనిమిది గంటలు సమర్థంగా పనిచేసిన వడికేవారికి, శాస్త్రీయంగా నిర్ణయించిన కనీస ఆహారానికీ, ఏడాదికి 20 గజాల బట్టకూ సరిపడే కూలి ముట్టాలి. అంటే ముందు మనిషికి కావలసింది లెక్కగట్టి, దానినుంచి కూలిని, కూలినుంచి ధరను తేల్చారు. మనం తరగతుల్లో నేర్చుకునే వరుస దీనికి సరిగ్గా ఎదురు. నా దృష్టిలో గాంధేయ అర్థశాస్త్రంలోని శాస్త్రమంతా ఈ వరుస మార్పులోనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖద్దరును ఒక్కసారి చేత్తో తాకి చూస్తే ఈ లెక్క ఇంకా బాగా బోధపడుతుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. దవడకున్న సన్నని పళ్ల మధ్య గింజ గింజకూ అంటుకున్న పోగులను చిక్కు తీసి, చెత్త దులిపి, తర్వాత గింజ వేరుచేసి, ఏకులు చుట్టి, అప్పుడు గాని రాట్నం దగ్గరికి రారు. ఆ బట్ట ఖరీదైనదని అనేవారు, అందులో ఎన్ని పూటల పని ఇమిడి ఉందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. చౌకగా దొరికే వస్తువులో ఆ చౌకదనాన్ని ఎవరు భరించారన్నది ధర చీటీ మీద కనిపించదు.

కనిపించని ఆ పద్దును పైకి తీయడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్నవాడు జె.సి. కుమారప్ప. 1892లో తంజావూరులో పుట్టిన ఆయన వృత్తిరీత్యా ఆడిటరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ విత్తశాస్త్రం చదివి వచ్చి గాంధీజీ దగ్గర చేరాడు. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపాడు. జైల్లో రాసిన శాశ్వత ఆర్థిక వ్యవస్థ అన్న గ్రంథంలో ప్రకృతినుంచే ఉదాహరణలు తీసుకుని ఆర్థిక వ్యవస్థలను అయిదు రకాలుగా విడదీశాడు: గొర్రెపిల్లను చంపి తినే పులి, తాను పెంచని తోటలో పళ్లు తిని పోయే కోతి, తన గూడు తానే కట్టుకునే పక్షి, తుట్టె మొత్తం కోసం తేనె కూర్చే తేనెటీగ, ప్రతిఫలం ఎదురుచూడకుండా పిల్లల నోటికి మేత అందించే తల్లి పక్షి. ఈ విభజనను మీ తరగతిలో ప్రస్తావించి, మీ పాఠ్యపుస్తకం వీటిలో దేని గురించి మాట్లాడుతోందో అడిగి చూడండి. ఆడిటరు రాసిన నీతిశాస్త్రం కనుక దానికి జమాఖర్చుల పట్టు ఉంది.

ప్రశ్న: గాంధీజీ చెప్పినట్టు ధనవంతులు తమ సంపదను సమాజం కోసం కాపాడే ధర్మకర్తలుగా ఉంటారని నమ్మడం అమాయకత్వం కాదా? ఎవరో ఒకరు మంచివాళ్లు కావచ్చు గాని, దాని మీద ఒక వ్యవస్థను ఎలా నిలబెడతాం?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అయితే ధర్మకర్త అన్న మాటకు మన భాషలో ఎంత బరువుందో గమనించండి. దేవుడి మాన్యం ధర్మకర్త చేతిలో ఉంటుంది, ఫలసాయం మాత్రం అతనిది కాదు, అడిగినప్పుడు లెక్క చెప్పవలసిన బాధ్యత అతనికి ఉంటుంది. గాంధీజీ ఈ భావాన్ని గీతలోని అపరిగ్రహ (ఏదీ సొంతం చేసుకోకపోవడం), సమభావాల నుంచీ, తాను చదివిన ఇంగ్లీషు న్యాయశాస్త్రంలోని ధర్మకర్త నిర్వచనం నుంచీ గ్రహించానని ఆత్మకథలో చెప్పుకున్నారు. అది బోధపడిన తర్వాతే తన పదివేల రూపాయల బీమా పాలసీని వదులుకున్నారు. పరుల ధనానికి ఆశపడవద్దన్న ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం ఆయనకు ఎంత ఇష్టమో అందరికీ తెలిసిందే.

అయినా ఆయన మంచితనం మీదనే భారం వేసి ఊరుకోలేదు. సహచరులు తయారుచేయగా ఆయన సవరించిన ధర్మకర్తృత్వ ముసాయిదా 1952లో హరిజన్ పత్రికలో వచ్చింది. సమాజం తన క్షేమం కోసం అనుమతించినంత మేరకు తప్ప సొంత ఆస్తి హక్కు లేదని అందులో ఉంది. సంపద యాజమాన్యాన్నీ వినియోగాన్నీ చట్టం ద్వారా నియంత్రించడాన్ని ఈ సిద్ధాంతం కాదనదని కూడా ఉంది. కనీస జీవన వేతనంతోపాటు గరిష్ఠ ఆదాయానికీ హద్దు ఉండాలనీ, ఆ రెంటి మధ్య తేడా క్రమంగా తగ్గుతూ పోవాలనీ అది కోరింది. ధర్మకర్తృత్వం పేరు చెప్పి చట్టాన్ని దూరంగా ఉంచాలనుకునేవారు ఈ ముసాయిదాను చదవకుండానే మాట్లాడుతున్నారు.

ప్రశ్న: పోచంపల్లి భూదానం ఈ చింతనకు విజయమా, వైఫల్యమా?

జవాబు: ఒక్క మాటలో తేల్చలేను. భూమిలేని పేదల కోసం భూమి ఉన్నవారిని దానం అడుగుతూ వినోబా భావే నడిపిన ఈ ఉద్యమంలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. అందులో చాలా భాగం సాగుకు పనికిరానిది, వివాదాల్లో ఉన్నది, లేదా పేదల చేతికి చేరనే చేరనిది. దానపత్రం రాయడానికీ పట్టా చేతికివ్వడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఉద్యమం తక్కువగా అంచనా వేసిందని నా అభిప్రాయం. కాని 1951 ఏప్రిల్ 18న ఆ ఊళ్లో జరిగినదాన్ని దాతవైపునుంచి మాత్రమే చెప్పుకోవడం నాకు నచ్చదు. వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడటానికి ముందే, వినోబాజీ ఏం కావాలని అడిగినప్పుడు, 40 దళిత కుటుంబాలవారు తమలో తాము మాట్లాడుకుని, అందరూ కలిసి సాగుచేసుకుంటామంటూ లెక్క చెప్పారు: 80 ఎకరాలు, అందులో 40 తరి (నీటి వసతి ఉన్నది), 40 మెట్ట (వానమీద ఆధారపడినది).